వెనక నుంచి కేక

మా తబిత కుడిచెయ్యి కాల్చింది మీరే.

కమాండెంటు భార్గవ గారూ, మీరు. తీర దళం ఎంపిక బోర్డులో మీ పక్కన కూర్చుని తలలూపిన పెద్దమనుషులు. ప్రయోగశాల ముందు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఇక ఈ దేశంలో సైనికుడికి కులం లేదని చెప్పి కారెక్కిన మంత్రిగారు. మీరంతా కలిసి కాల్చారు. నూనె కాగింది మా చెల్లెలు సారమ్మ పొయ్యి మీదే. బాణలి ఒరిగింది మా వంటింట్లోనే. అయినా కాల్చింది మీరే అంటున్నాను. ఎట్లాగో చెప్తాను. కూర్చోండి.

కేకలేసే ఓపిక నాకు లేదు. నా పేరు ఇశ్రాయేలు. కొటారుపాలెంలో మైకు ఇశ్రాయేలు అంటారు. ఇన్నేళ్ళు మీ గేటు ముందు అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. మాట్లాడితే దగ్గొస్తోంది, అందుకే ఈ ఉత్తరం. బళ్ళో నేర్చిన తెలుగు కాదు నాది, కరపత్రాలు చదివి నేర్చుకున్నది. అందుకని నున్నగా ఉండదు. సర్దుకోండి.

మా పల్లెవాళ్ళం తరాలుగా ఉప్పు కయ్యల్లో పనిచేస్తున్నాం. తెల్లదొరల కాలంలో మా తాతల తాతలు వాళ్ళ పల్టన్లలో తుపాకులు మోశారు. తర్వాత ఎవరో దొర కుర్చీలో కూర్చుని, ఫలానా జాతులు యుద్ధానికి పనికొస్తాయి, ఫలానావి పనికిరావు అని తేల్చాడు. మావాళ్ళను ఇంటికి పంపేశారు. దొరలు పోయారు. వాళ్ళు గీసిన గీత మిగిలింది. మీ తీర దళం నిన్నగాక మొన్న పుట్టింది, అయినా అదే గీత మీద నిలబడింది. మా కయ్యలు తీసుకుని శిబిరం కట్టారు. అందులో మావాళ్ళు గడ్డి కోశారు, గిన్నెలు తోమారు, మరుగుదొడ్లు కడిగారు. తుపాకీ మాత్రం యోధ వంశాలవాళ్ళకే అన్నారు. వంశమట! సముద్రం మీద పడవలో ఎవడు వస్తున్నాడో చూడటానికి వంశం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మేం అడిగాం. ధర్నాలు చేశాం. లాఠీలు తిన్నాం. చివరికి మీరు ఒప్పుకున్నారు. ఒప్పుకుని మాకిచ్చింది ఒక యంత్రం.

ఆ యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ మాధురీలత. ఆవిడ మీద నాకు కోపం ఉంది గానీ అబద్ధం చెప్పను, మంచి మనిషి. పల్లెకు వచ్చి చర్చి అరుగు మీద కూర్చుని, తన మణికట్టుకే పట్టీ చుట్టుకుని చూపించింది. పెట్టెలో గాజు వెనక ఒక ముల్లు ఉంది. ఒంట్లో కండరం బిగుసుకుంటే, మనిషి జంకితే, ముల్లు పడిపోతుంది.

"దీనికి పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. ముఖానికి ముసుగు, ఛాతీకి ఒక నంబరు. అంతే. నరాల్లో ఏముందో అదొక్కటే చూస్తుంది," అంది.

దానికి ఆవిడ పెట్టిన పేరేదో పెద్దది. మావాళ్ళు అక్కడికక్కడే జంకు మీటరని పేరు మార్చారు. సారమ్మ వెనక నుంచి, "మా ఆయనకు కట్టి చూడు డాక్టరమ్మా, నా పేరు చెప్పంగానే పడిపోద్ది ముల్లు," అంది. అందరం నవ్వాం. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. చాలా ఏళ్ళ తర్వాత మైకు అవసరం లేదనిపించిన సాయంత్రం అది.

తబిత సారమ్మ కూతురు. నాకు మేనకోడలు. తడి ఉప్పు తట్ట నెత్తిన పెట్టుకుని, చెయ్యి వెయ్యకుండా, గట్ల మీద పరిగెత్తే పిల్ల. తుఫాను వచ్చినప్పుడు కొట్టుకుపోతున్న గేదెను తాడేసి లాక్కొచ్చింది. పల్లెలో ఒక్కళ్ళకే ఉద్యోగం వస్తుందంటే అది తబితకే అని పందెం కాసేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు కాదు, అవతలి వైపు కాయడానికి మనిషి దొరక్క.

పరీక్ష గదిలో జరిగింది తబితే చెప్పింది. తెల్లటి గది, మధ్యలో స్టూలు. మణికట్టుకూ మెడకూ పట్టీలు. మొదట కళ్ళు పోయేంత వెలుగు ఒక్కసారిగా కొట్టారు. ముల్లు కదల్లేదు. తర్వాత చెవి పక్కనే బాంబు పేలిన చప్పుడు. కదల్లేదు. మూడోది మనిషి గొంతు. వెనక నుంచి, పెద్దగా: "ఏయ్! ఎవరది? ఆగక్కడ!" యుద్ధంలో వెనక నుంచి అరుపు వినబడితే సిపాయి ఒళ్ళు గడ్డకట్టకూడదు, ఆ క్షణంలోనే తిరగాలి, కదలాలి. అదీ పరీక్ష. ఆ గొంతు ఎవరిదో మీకు తెలుసు కమాండెంటు గారూ. మీదే. మీరే రికార్డు చేయించారు.

ముల్లు పడిపోయింది.

అర క్షణం. అంతకంటే ఎక్కువేం కాదు. తబిత ఒళ్ళంతా అర క్షణం రాయి అయిపోయింది, తర్వాత తిరిగింది. ఆ అర క్షణం చాలు. ఫెయిలు. ఒక్క తబితే కాదు. మా పల్లె పిల్లలందరూ వెలుగు దాటారు, బాంబు దాటారు, కేక దగ్గర పడిపోయారు. చుట్టుపక్కల పల్లెల పిల్లలూ అంతే. గేటు ముందు పెట్టిన తెర మీద మా నంబర్లన్నీ ఎర్రగా వెలిగాయి.

మీరు గేటు బయటికి వచ్చి నాతో అన్న మాట గుర్తుందా? "ఇప్పుడేమంటారు ఇశ్రాయేలు గారూ? యంత్రానికి కులం తెలీదు కదా. ముల్లును మేం పట్టుకుని కిందికి లాగామా?"

చేతిలో మైకు కట్టేసి ఇంటిదారి పట్టాను.

ఇంటికొస్తే సారమ్మ అన్నం పెడుతూ అంది: "ఇంతకుముందు మనల్ని పనికిరానోళ్ళంటే, కులం చూసి అంటన్నారులే అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఈ పిల్లకు గుండెలేదని మిషను చెప్పిందంట. దీన్ని యాడపెట్టుకోమంటావు అన్నా?"

తబిత తినకుండా లేచి బయటికి వెళ్ళింది.

తర్వాత డాక్టరమ్మ మళ్ళీ పల్లెకు వచ్చింది. ఈసారి పెట్టె తేలేదు. నిద్రలేని ముఖం. "లెక్క ఎక్కడో తప్పుతోంది. బాంబుకు జంకని మనిషి గొంతుకు ఎందుకు జంకుతుంది?" అని అడుగుతూ ఇల్లిల్లూ తిరిగింది. ఎవరేం చెప్తారు? మాకు తెలిస్తే కదా.

అప్పుడు వీధిలో పిల్లలు నిలబడాట ఆడుతున్నారు.

మా తీరం పల్లెల్లో తప్ప ఈ ఆట ఎక్కడా చూళ్ళేదు. ఒకడు దొర. మిగతావాళ్ళంతా వాడికి వీపు పెట్టి పరిగెత్తాలి. దొర వెనక నుంచి, "ఎవుర్రా అది? నిలబడు!" అని కేకేస్తాడు. అంతే, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. తల దించాలి. వేలు కదిలినా ఔటు. ఔటైనవాడు తర్వాత దొర. మా నాయనమ్మల కాలంలో ఆడవాళ్ళు పెట్టిన ఆట ఇది. ఊరి రచ్చబండ ముందు నుంచి పోయే మా మగపిల్లలు, వెనక నుంచి కేక వినబడితే ఆగి, పక్కకు దిగి, తండ్రి పేరు చెప్పాలి. సైకిలు ఆపకుండా పోయిన పిల్లాణ్ణి ఒకణ్ణి కొట్టి చంపారట. అప్పటి నుంచి తల్లులు ఈ ఆట నేర్పారు. రచ్చబండ ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టుంది. ఎవరూ ఎవరినీ ఆపరు. ఆట మాత్రం మిగిలింది. ఎందుకు పుట్టిందో ఆడే పిల్లలకు తెలీదు. తబిత చిన్నప్పుడు ఈ ఆటలో ఒక్కసారి కూడా ఔటవ్వలేదు. ఎండ్రకాయ కాలి మీద నుంచి పాకిపోతున్నా కదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డాక్టరమ్మ అరుగు మీద నిలబడి చూస్తోంది. ఉప్పు ట్రాక్టరు వెనక్కొస్తోంది. దాని వెనకే పిల్లలు. డ్రైవరుకు కనబడట్లేదు. డాక్టరమ్మ చెయ్యెత్తి అరిచింది:

"ఏయ్! ఆగండి!"

వీధి వీధంతా ఆగిపోయింది.

పిల్లలు ఆగారు. ట్రాక్టరు ఆగింది. కుళాయి దగ్గర బిందె ఎత్తుతున్న ఆడమనిషి బిందె నడుముకు ఆనకుండానే ఆగిపోయింది. మంచం మీద ముసలాయన చుట్ట నోటిదాకా తెచ్చి ఆపేశాడు. నేను మెట్టు దిగుతున్నాను. ఒక కాలు గాల్లో ఉండగా నిలబడిపోయాను. అర క్షణం. తర్వాత అందరం కదిలాం. ఎవరికీ ఏమీ తెలీలేదు, రోజూ జరిగేదే అన్నట్టు.

డాక్టరమ్మ మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు.

"మీరు కూడా," అంది నాతో. "ఇశ్రాయేలు గారూ, మీరు కూడా ఆగారు."

"నేనా? లేదే," అన్నాను.

"ఆగారు. ఇది పిరికితనం కాదు. పిరికివాడైతే పారిపోతాడు. ఇది మీకు నేర్పిన కవాతు. తరాల తరబడి నేర్పింది. నా మీటరు కొలిచింది మీ గుండెను కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆడదాని ముందు ఏడవడమేంటని ట్రాక్టరు డ్రైవర్ని తిట్టాను.

ఆవిడ ఆ రాత్రే మీ బోర్డుకు ఉత్తరం రాసింది. మూడో పరీక్ష తీసెయ్యమంది. మీరేమన్నారు? అర్హత మెట్టు దించడం కుదరదన్నారు. ఒకళ్ళ కోసం పరీక్ష మార్చితే దళం పరువేం కావాలన్నారు. మెట్టు దించకుండా మనుషుల్ని పైకెత్తే దారి ఉంటే చూడమన్నారు. ఆవిడ దగ్గర దారి ఉంది. అదే ఆవిడ దురదృష్టం.

మెదడు అడుగున, వెన్ను మొదలయ్యేచోట, మెంతిగింజంత జాగా ఉందట. ఒంటిని ఆపేది అదే. దాన్ని నిద్రపుచ్చే మందు ప్రయోగశాలలో తయారైంది. మెడ వెనక ఒక్క సూది. కేక వినబడితే ఒళ్ళు ఇక ఆగదు.

ఈ మాట చెప్పడానికి ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. "కొంచెం మొద్దుబారినట్టు ఉండొచ్చు. ఎంతవరకో నాకు పూర్తిగా తెలీదు. వద్దంటే వద్దని చెప్పండి. నేనే సంతోషిస్తాను," అంది.

"వద్దు," అంది సారమ్మ.

"కావాలి," అంది తబిత.

డాక్టరమ్మ వెళ్ళాక ఇంట్లో గొడవ అంటుకుంది.

"వద్దన్నది నీ నోరమ్మా. నరాలు నాయి."

"ఆ నరాలు నేను కన్నయ్యే గదంటే! నీకేం రోగమొచ్చిందని సూది? జొరమా? నొప్పా?"

"ఆ మిషను ముందు తలొంచుకోని బయటికొచ్చింది నేను, నువ్వు కాదు. గేటు కాడ సెంట్రీ నవ్వాడు. 'ఉప్పు తిన్నోళ్ళకి రోషం ఎక్కువంటారు గదా, ఏవైంది?' అన్నాడు. నాకేం రోగమని అడుగుతున్నావా? అదే రోగం." తబిత నా వైపు తిరిగింది. "మావా, నువ్వు చెప్పు. మైకు దొరికితే ఆగవు గదా, ఇప్పుడేంది, నోట్లో ఉప్పుగల్లు పెట్టుకున్నావా?"

"గేటు తియ్యమని అడిగాను పాపా," అన్నాను. "ఒంట్లో ముక్క కోసి గేటు కాడ పెట్టి లోపలికి పొమ్మని అడగలా."

"గేటు తీసే ఉంది. దూరితే చాలు. నేను దూరితే నా ఎనకమాల వందమంది దూరతారు. అప్పుడు అడుగుదువు నీ ఇష్టమొచ్చింది."

సారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. తబిత పెద్దది. దాని ఒళ్ళు దానిది. అదీగాక, నిజం చెప్పాలంటే, అది అన్నదాంట్లో నాకు తప్పు దొరకలేదు.

సూది పడింది. ముల్లు కదల్లేదు. వెలుగు, బాంబు, కేక, మూడూ పచ్చ. కొటారుపాలెం పల్లె నుంచి తీర దళంలో తుపాకీ పట్టిన మొదటి మనిషి మా తబిత. కవాతు రోజున పల్లెంతా లారీలెక్కి వచ్చింది. మీరు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. మీ వెనక గుడ్డ మీద 'అడ్డుగోడ కూలింది' అని పెద్ద అక్షరాలు. ఆ ఫొటో చర్చిలో పెట్టాం. సారమ్మ కూడా ఆరోజు నవ్వింది. పళ్ళు కనబడకుండా.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు తెలిసింది.

తబిత గట్టు మీద నడిచిపోతోంది. సారమ్మ వెనక నుంచి పిలిచింది. "తబితా!" అది ఆగలేదు. వినబడలేదేమోనని మళ్ళీ పిలిచింది. ఆగలేదు. పరిగెత్తి వెళ్ళి భుజం పట్టుకుంటే, "ఏందమ్మా, వింటానే ఉన్నా గదా," అంది. వింటూనే ఉంది. పిలుపుకు ఆగాలని ఒంటికి తెలీలేదు. సారమ్మ నా దగ్గరికొచ్చి, "పిలిస్తే ఎనక్కి తిరగని పిల్లని ఏం చేసుకోవాలి అన్నా?" అని అడిగింది. అలిసిపోయి ఉంటుందిలే అన్నాను.

మరుసటి రోజు పిల్లలు చుట్టుముట్టారు, తబితక్కా ఆటకు రా అని. అది చిన్నప్పటి ఛాంపియను కదా. లుంగీ ఎగ్గట్టినట్టు చీర ఎగ్గట్టి దిగింది. పిల్లదొర కేకేశాడు. అందరూ ఆగారు. తబిత ఒక్కతే నడుచుకుంటూ పోయింది. వీధి చివరిదాకా పోయి, పక్కన ఎవరూ లేరేంటని వెనక్కి చూసింది.

"అక్క ఔటు! అక్క ఔటు!" పిల్లలు ఎగిరారు. "తర్వాత దొర నువ్వే అక్కా!"

అది నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు ఆలస్యంగా వచ్చింది, వేరే ఊరి నుంచి బస్సెక్కి వచ్చినట్టు. ఇంతలో సారమ్మ చేపలు వేయించమని కేకేసింది. తబిత దొర వంతు తీసుకోకుండానే లోపలికి వెళ్ళింది.

నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. కళ్ళారా చూశాను. బాణలి ఒక పక్కకు ఒరిగింది. కాగిన నూనె పొయ్యిగట్టు మీదికి పారింది. గట్టు మీద తబిత చెయ్యి ఉంది. చెయ్యి అక్కడే ఉంది. అది ఆ చేతినే చూస్తోంది. చర్మం ఉబ్బుతోంది, వాసనొస్తోంది, అది చూస్తోంది. నేను దూకి చెయ్యి లాగేసరికి ఆలస్యమైపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక అడిగాను. "నొప్పి తెలీలేదా పాపా?"

"తెలిసింది మావా. శానా నెప్పి. కానీ చెయ్యి తీసుకోవాలని ఒళ్ళు చెప్పలా. నేనే ఆలోచించుకోని తీద్దామనుకుంటన్నా. ఆలోచన ఇంకా పూర్తి కాలా."

అదీ సంగతి. మెంతిగింజంత జాగా. కేకకు ఆపేదీ అదే, అమ్మ పిలుపుకు ఆపేదీ అదే, నిప్పు మీద నుంచి చెయ్యి లాగేదీ అదే. దాని కొమ్మలు విడివిడిగా లేవు. మీకు అడ్డమైన కొమ్మ ఒక్కటే కొయ్యాలంటే కుదరలేదు.

మీరు పంపింది పూలగుత్తి కాదు. తబితను దళం నుంచి తీసేస్తున్నాం, తుపాకీ పట్టే చెయ్యి పనికిరాదు, ప్రమాదం ఇంట్లో జరిగింది గనక దళానికి సంబంధం లేదు అని కబురు పంపారు. దాంతోపాటే ఇంకో ఆర్డరు వేశారు. వచ్చే సోమవారం ఎంపికకు వచ్చే పిల్లల్లో తీరం పల్లెలవాళ్ళందరికీ ముందుగా సూది వెయ్యాలట. తప్పనిసరి. ఊళ్ళో పిల్లలకు అక్కర్లేదు. పల్లె పిల్లలకే. ముసుగు, నంబరు, పేరు అడగని పరీక్ష, అన్నీ పోయి మళ్ళీ ఏ పల్లె అని అడిగే చోటికే వచ్చారు. తిరిగి తిరిగి అక్కడికే వస్తారు మీరు.

డాక్టరమ్మ ఎదురు తిరిగింది. తప్పు నా మీటరుదే, పరీక్ష ఆపండి అని రాసింది. మీరు బోర్డును ప్రయోగశాలలోనే కూర్చోబెట్టారు. తబితను పిలిపించారు. తోడుగా నేను వచ్చాను. తర్వాత జరిగింది మీ అందరి ఎదటే జరిగింది. అయినా మళ్ళీ చెప్తాను, ఎందుకంటే మీరు అది రాసుకోలేదు.

డాక్టరమ్మ ఏదో చెప్పబోతుంటే మీరు చెయ్యెత్తి ఆపారు.

"మీటరు తప్పంటారా? సరే. నాకు కట్టండి."

స్టూలు మీద కూర్చున్నారు. పట్టీలు కట్టించుకున్నారు. వెలుగు కొట్టారు. ముల్లు కదల్లేదు. బాంబు చప్పుడు. కదల్లేదు. మీకు గుండె ఉంది, నేను కాదనను. మీరు బోర్డు వైపు చూసి నవ్వారు.

"మూడోది నా గొంతే కదమ్మా. నా గొంతుకు నేనే జంకుతానా?"

అందరూ నవ్వారు. డాక్టరమ్మ రికార్డు పెట్టలేదు. బటన్ మీద వేలు పెట్టి అట్లాగే నిలబడిపోయింది.

తబిత మీ వెనక, తలుపు దగ్గర ఉంది. కట్టుకట్టిన చెయ్యి ఎదకు ఆనించుకుని. నేను దాని పక్కనే ఉన్నాను, అది ఊపిరి పీల్చడం వినబడింది.

"ఎవుర్రా అది? నిలబడు!"

నాకే ఒళ్ళు ఆగిపోయింది. అది మా పల్లె గొంతు. ఉప్పు గాలిలో అర మైలు వినబడే గొంతు. ఒక పల్లె పిల్ల కమాండెంటును వెనక నుంచి 'ఎవుర్రా' అంది.

ముల్లు పడిపోయింది. మా పిల్లలకు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడికే పడింది. మీ మెడ బిగుసుకుంది, వేళ్ళు బిగుసుకున్నాయి, నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. అర క్షణం. తర్వాత మీరు తిరిగారు. ముఖం కందగడ్డ.

ముందు మీరే మాట్లాడారు.

"పట్టీ వదులుగా ఉంది."

డాక్టరమ్మ వచ్చి చూసింది. "లేదు సర్."

"అయితే అది జంకు కాదు. కోపం. ఎవత్తో వెనక నుంచి అట్లా అరిస్తే కోపం రాదా?"

"వస్తుంది సర్," అంది డాక్టరమ్మ. "ముల్లుకు తేడా తెలీదు. నేను నేర్పలేదు. ఈ పిల్లలకు వచ్చింది కూడా ఏంటో ఎవరూ అడగలేదు."

ఆ తర్వాత మీరు రాయించిన మాట: యంత్ర లోపం. మీకు పడితే యంత్ర లోపం. మా పిల్లలకు పడితే నరాల లోపం. మీ లోపానికి పట్టీ మారుస్తారు. మా లోపానికి మెడలో సూది గుచ్చుతారు.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడ్డాం. డాక్టరమ్మ కూడా మా వెనకే వచ్చింది. మెడలోని గుర్తింపు కార్డు తీసి చేతిలో పట్టుకుని ఉంది. తబిత కట్టు సరిగ్గా ఉందో లేదో చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మందుకు విరుగుడు ఉందో లేదో ఆవిడకే తెలీదు. వెతుకుతాను అంది. దానికైనా మీరు ప్రయోగశాల తలుపు తెరిచి ఉంచుతారో లేదో.

"అంత ధైర్యం ఎట్టా వచ్చిందే నీకు?" అని అడిగాను తబితను.

"ధైర్యం కాదు మావా. ఒళ్ళు ఆపలా, అంతే." బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. "చిన్నప్పుడు ఎప్పుడూ ఔటవ్వలేదు గదా, నాకు దొర వంతే రాలా. మొన్న ఔటయ్యా. ఆ వంతు మిగిలిపోయుంది. ఈరోజు తీసుకున్నా."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వు ఇంకా రాలేదు. ఎక్కడో దారిలో ఉన్నట్టుంది.

ఇదీ జరిగింది. ఇప్పుడు నాకు కావలసింది చెప్తాను. క్షమాపణ వద్దు, ఏం చేసుకోను దాన్ని. తబితను తిరిగి తీసుకోండి. ఎడమచేత్తో దుర్భిణి పట్టుకుని సముద్రం చూడగలదు, మీ అందరికంటే బాగా చూస్తుంది. దాని చేతికీ మెడకూ వైద్యం మీ దళమే చేయించాలి, విరుగుడు దొరికేదాకా. డాక్టరమ్మను తలుపు బయట పెట్టకండి. ఆ సూది మందు సీసాలు బోర్డు ఎదటే పగలగొట్టండి. మూడో పరీక్ష ఉంచుతారా, ఉంచండి. కానీ ముందు పట్టీ కేకేసేవాడికి కట్టండి. మనిషిని వెనక నుంచి అదిలించేటప్పుడు వాడి ముల్లు ఎందుకు కదలదో అది కొలవండి. మా నరాల జోలికి రావద్దు. అవి పనిచేస్తూనే ఉన్నాయి. మమ్మల్ని ఇంతకాలం బతికించింది అవే.

సోమవారం పొద్దున మా పిల్లలు మీ గేటు దగ్గర ఉంటారు. సూది లేకుండా ఉంటారు. ముసుగు వేసుకోరు, నంబరు కట్టుకోరు. ప్రతివాడికీ తల్లి పెట్టిన పేరుంది. నేను మైకు తీసుకురాను, గొంతు లేదు. సారమ్మ వస్తుంది. తబిత వస్తుంది.

వెనక నుంచి కేకెయ్యకండి. గేటు తీసి, ముందుకొచ్చి, పేరు పెట్టి పిలవండి.